రెండో పిలుపు

పోయిన వారం వ్యాపారుల సంఘం వాళ్ళు మా అక్కని పిలిచి, వేదిక ఎక్కించి, చేతికి మైకిచ్చి, "ఈ ఏడాదిలో మీరు నేర్చుకున్న పాఠాలు చెప్పండి మేడమ్" అన్నారు. అక్క చెప్పింది. కొనేవాడి మాట వినాలంది. యంత్రాన్ని నమ్మే ముందు మనిషిని అడగాలంది. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవాలంది. ప్రతి వాక్యానికీ చప్పట్లే. ముందు వరసలో ఒకాయన బుద్ధిగా రాసుకుంటున్నాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. అలాంటి ముక్కలు ఏ క్యాలెండరు వెనకైనా దొరుకుతాయి. అక్క నేర్చుకున్న అసలు పాఠం మా బాబాయ్ దగ్గర నేర్చుకుంది. అది సగంలోనే ఆగిపోయి ఉందని ఆ సభలో నాకొక్కడికే తెలుసు.

ఇంకో సంగతి కూడా ఎవరూ గమనించినట్టు లేదు. వేదిక మీద వేసిన కుర్చీ మా ఫ్యాక్టరీలో చేసిందే. అక్క దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది గానీ, సభ అయ్యేదాకా అందులో కూర్చోలేదు. అప్పటికి కొన్ని నెలలుగా అక్క ఏ కుర్చీలోనూ కూర్చోవడం లేదు. ఆఫీసులో నిలబడే సంతకాలు పెట్టేది, ఇంట్లో మంచం అంచున కూర్చుని తినేది.

మాది కుర్చీల ఫ్యాక్టరీ, నాన్న పెట్టింది. చెక్క కుర్చీలు తప్ప ఇంకేమీ చెయ్యం. ముందు గదిలో కోత, దాని వెనక జిగురు పట్టించి బిగించే గది, ఆ తరవాత నునుపు పట్టడం, పాలిష్. అన్నిటికన్నా వెనక సరుకు బయటికి పంపే హాలు. ఆ హాలు నా చేతిలో ఉంది. అక్కడ పొద్దస్తమానం పాలిష్ వాసన, చెక్కపొడి. ఇంటికి వెళ్ళి తల దులిపితే ఇంకో కుర్చీకి సరిపడా పొడి రాలుతుందని మా ఆవిడ సణుగుతుంది.

నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ కుర్చీ అయినా గేటు దాటే ముందు ఒక మనిషి అందులో కూర్చోవాలి. ఊరికే కూర్చుని లేస్తే కుదరదు. స్థిమితంగా కూర్చోవాలి, ఇంకొకరు వచ్చి లేపాలి. కూర్చునే ఉద్యోగం బాబాయ్‌ది, అంటే నాన్న తమ్ముడిది. లేపే పని నాది.

"బాబాయ్, లే. భోజనానికి" అనేవాణ్ణి. ఆయన కదిలేవాడు కాదు, కళ్ళు కూడా తిప్పేవాడు కాదు. "బాబాయ్, లే. భోజనానికి" అని మళ్ళీ అనేవాణ్ణి. అప్పుడు "వస్తున్నా, వస్తున్నా" అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పక్క కుర్చీలో కూర్చునేవాడు. పొద్దున్నయినా సాయంత్రమయినా అదే పిలుపు. ఒకసారి పిలిస్తే మనిషికి వినపడుతుంది, రెండోసారి పిలిస్తే కుర్చీకి వినపడుతుంది అనేవాడు నాన్న.

"ఎందుకు బాబాయ్ ఇదంతా?" అని ఒకసారి అడిగాను.

"నాకేం తెలుసురా. మీ నాన్న కూర్చోమన్నాడు, కూర్చున్నా. లెమ్మంటే లేస్తున్నా. నా బతుకంతా ఇంతేగా" అన్నాడు నవ్వుతూ.

మా బాబాయ్‌ని మహాజ్ఞానిని చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆయనకి చెక్క గురించి ఏమీ తెలియదు. సుత్తి పట్టుకుంటే వేలు చితక్కొట్టుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు, నాలుగు వీధుల అవతల మేడ మీద గదిలో ఒక్కడే ఉండేవాడు. ఏ పనిలో పెట్టినా నిలవకపోతే చివరికి నాన్న ఈ పని పుట్టించాడని మా బంధువులంతా అనుకునేవారు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మా అన్న కొండ ఇంకా కరగలేదు చూడు" అని బాబాయ్ తనమీద తనే జోకు వేసుకునేవాడు. "లోకమంతా నిలబడి సంపాదించి కూర్చుని తింటుంది. నేను కూర్చుని సంపాదించి నిలబడి తింటున్నా" అనేవాడు. నిజంగానే భోజనం మాత్రం పనివాళ్ళ మధ్య తిరుగుతూ, వాళ్ళ గిన్నెల్లోంచి ఇంత ఇంత రుచి చూస్తూ, నిలబడే చేసేవాడు.

నాన్న పోయాక ఫ్యాక్టరీ బాధ్యత అక్క తీసుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే నడిపింది. కోత గదిలో గాలి ఆడేలా చేసింది, జిగురు మార్చింది, ఆసుపత్రులూ బడులూ తిరిగి పెద్ద ఆర్డర్లు తెచ్చింది. ఫ్యాక్టరీలో తనని మేడమ్ అనాలని నాకు కూడా చెప్పింది. కొత్త నీరు వస్తే పాత నీరు కొట్టుకుపోతుంది కదా, బాబాయ్ వంతు కూడా వచ్చింది. కుర్చీ మీద బరువు దించి, ఎత్తి, మళ్ళీ దించే యంత్రం ఒకటి తెప్పించి హాల్లో పెట్టించింది. అది పిలవకుండానే లేచేది.

బాబాయ్‌కి సగౌరవంగానే వీడ్కోలు చెప్పింది. పనివాళ్ళందరినీ హాల్లో నిలబెట్టి, నెల నెలా జీతం ఇంటికే వస్తుందని చెప్పి, యంత్రం కిందనుంచి వచ్చిన మొట్టమొదటి కుర్చీని ఆయనకి బహుమతిగా ఇచ్చింది. చేతులున్న కుర్చీ, తేనెరంగు పాలిష్. మా ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. ఆ కుర్చీలో అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు.

బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా. మరి ఇంట్లో నన్నెవరు పిలుస్తారు?" అన్నాడు.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

కొన్నాళ్ళకి కుర్చీలు వెనక్కి రావడం మొదలయింది. మొదట ఒక పెద్దావిడ తెచ్చింది. ఆటోలోంచి దించి హాల్లో పెట్టించి, తను మాత్రం దానికి దూరంగా నిలబడింది. విరిగిందా అని అడిగాను. లేదంది. కిర్రుమంటోందా అంటే లేదంది. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, "మా ఆయన పోయాక ఆ మూల బోసిగా ఉందని కొన్నాను బాబూ. ఇప్పుడక్కడ ఎవరో ఉన్నారు. ఆయన మాత్రం కాదు" అంది.

నేను చెక్కమీద చెయ్యి పెట్టి చూశాను. కూర్చునే చోట వెచ్చగా ఉంది. ఎండలో వచ్చిందిలే అనుకున్నాను. సాయంత్రం హాలు తలుపులు వేసేటప్పుడు మళ్ళీ చెయ్యి పెట్టాను. అదే వెచ్చదనం, ఎవరో ఇప్పుడే లేచినట్టు. లేదు, ఎవరో ఇంకా లేవనట్టు.

ఆ తరవాత ఒకటి వెంట ఒకటి వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేశాడు. వాళ్ళ వెయిటింగ్ హాలంతా మా కుర్చీలే. అదే అక్క తెచ్చిన మొదటి పెద్ద ఆర్డరు.

"మీ కుర్చీలు తీసుకెళ్ళిపోండి" అన్నాడు.

"విరిగాయా సార్?"

"బాగానే ఉన్నాయి. ఖాళీగానే లేవు."

అక్కా నేనూ వెళ్ళాం. పొద్దుటి పూట, హాలు కిటకిటలాడుతోంది. రోగులూ వాళ్ళ మనుషులూ గోడల పొడుగునా నిలబడి ఉన్నారు. కర్ర మీద వాలిపోతున్న ముసలాయన, నడుం పట్టుకుని నిలబడ్డ గర్భిణి, చంటిపిల్లని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటున్న తండ్రి. హాలు మధ్యలో మా కుర్చీలు వరసలు తీరి ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా ఎవరూ లేరు.

అక్క ఆ గర్భిణి దగ్గరికి వెళ్ళి, "నిలబడ్డావేం తల్లీ, వెళ్ళి కూర్చోరాదూ" అంది.

ఆ అమ్మాయి కుర్చీల వైపు చూసింది. తరవాత అక్క వైపు, మర్యాద తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "ఖాళీ ఎక్కడుందండీ?" అంది గొంతు తగ్గించి.

అంతలో నర్సు ఒకామె కుర్చీల వరసల మధ్య నుంచి అవతలికి వెళ్ళింది. మామూలుగా నడవలేదు. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పట్టి, "కొంచెం... కొంచెం" అంటూ, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా దాటుకుంటూ వెళ్ళింది. తనలా చేస్తున్నట్టు తనకే తెలియదనుకుంటాను. 

కుర్చీలన్నీ లారీలో వెనక్కి తెచ్చి మా హాల్లో దించాం. ఒక్కో కుర్చీనీ ఇద్దరేసి పనివాళ్ళు పట్టుకోవలసి వచ్చింది. ఆ రోజు అక్క మొండికేసి ఒకదాంట్లో కూర్చుంది. నేను వద్దంటూనే ఉన్నాను. కూర్చున్న క్షణంలోనే లేచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"ఎవరో జరిగార్రా" అంది. "నాకు చోటిచ్చారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకోవాలి కదా. అక్క ఆ సాయంత్రమే యంత్రం తీయించేసింది. మర్నాడు పొద్దున్నే మేమిద్దరం బాబాయ్ ఇంటికి బయలుదేరాం. దారిలో అక్క ఒకటే మాట. ఫ్యాక్టరీ మూసుకోవలసి వచ్చినా సరే, బాబాయ్‌కి క్షమాపణ చెప్పి తీసుకొచ్చేయాలి, ఇంక ఆయన్ని ఒంటరిగా ఉంచకూడదు, మా ఇంట్లోనే గది ఇవ్వాలి. వీడ్కోలు చెప్పాక ఒక్కసారైనా ఆ మేడ మెట్లెక్కలేదు ఎవరమూ. జీతం మాత్రం తప్పకుండా వెళ్ళింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాం. బాబాయ్ కిటికీ పక్కన, అక్క ఇచ్చిన కుర్చీలోనే, దాని చేతుల మీద తన చేతులు పెట్టుకుని కుదురుగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. పొయ్యి మీద గిన్నెలో ఏదో ఎండిపోయి అడుగంటి ఉంది. కిటికీలో కుండీ మొక్క వాడిపోయింది. కుర్చీ చుట్టూ నేల మీద దుమ్ములో అడుగుల జాడ లేదు.

"ఎప్పటినుంచి కూర్చున్నావు బాబాయ్?" అన్నాను.

"ఇప్పుడే కదరా" అన్నాడు. కాళ్ళ వైపు చూసుకుని, "లేద్దామనే అనుకుంటున్నా. పిలుపు లేకపోతే కాళ్ళు రావడం లేదు" అన్నాడు.

అలవాటు కొద్దీ నేనే పిలిచాను, రెండుసార్లూ. ఆయన నావైపు ప్రేమగా చూశాడు గానీ కదల్లేదు. తరవాత అక్క వైపు చూశాడు.  ఏడాదిగా ఆదేశాలిచ్చిన గొంతు, మొదటి మాటకి సరిగ్గా పలకలేదు.

"బాబాయ్, లే. భోజనానికి" అంది. ఆయన కదల్లేదు. "బాబాయ్, లే..." అంటూ ఏడ్చేసింది. "భోజనానికి రా బాబాయ్."

"వస్తున్నా, వస్తున్నా" అంటూ బాబాయ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

నేను ముందు మెట్లు దిగాను, నా వెనక ఆయన, ఆ వెనక అక్క. గడప దగ్గర చెప్పులు చూపిస్తే, "ఎందుకురా, నేల చల్లగా బాగుంది" అన్నాడు. వెనక్కి తిరిగి గదిలోకి చూడాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు.

ఆ రోజు హాల్లో జరిగింది నేను కళ్ళారా చూశాను. పనివాళ్ళు కూడా చూశారు. బాబాయ్ ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్ళి, "కొంచెం జరగండి" అని మెల్లగా అని కూర్చునేవాడు. అక్క పిలిచేది, మళ్ళీ పిలిచేది. బాబాయ్ లేచేవాడు. ఒక మనిషి లేస్తే కుర్చీ ఒకసారి కిర్రుమనాలి. అవన్నీ రెండుసార్లు కిర్రుమన్నాయి. గేటు దగ్గర నిలబడ్డ నేను, ఎందుకో తెలియకుండానే, ప్రతిసారీ ఒక అడుగు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను. వాళ్ళెవరో నాకు తెలియదు. పిలిచేవాళ్ళు లేక ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చుండిపోయినవాళ్ళు అనుకుంటాను. బాబాయ్ లేచాక చెక్కమీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది. మామూలు చెక్క ఎలా ఉంటుందో అలా.

నాన్న ఆ పద్ధతి ఎందుకు పెట్టాడో నాకు అప్పుడు అర్థమయింది. కుర్చీల కోసం కాదు. ఎవరూ లేని తమ్ముణ్ణి రోజూ ఎవరో ఒకరు భోజనానికి పిలవాలని. కుర్చీలకి ఆ అలవాటు తగులుకుందంటే, అది వాటి అదృష్టం.

మధ్యాహ్నం పళ్ళెంలో అన్నీ వడ్డించి ఇస్తే బాబాయ్ ముట్టుకోలేదు. "మీరు తినండమ్మా. పిలిచారు, చాలు" అన్నాడు.

సాయంత్రానికి ఒక్క కుర్చీ మిగిలింది. మొట్టమొదట తిరిగొచ్చిన పెద్దావిడ కుర్చీ. బాబాయ్ దాంట్లో కూర్చుని, అలిసినవాడిలా వెనక్కి వాలాడు. అక్క నవ్వు మొహంతో ఎదురుగా నిలబడి, "బాబాయ్, లే. భోజనానికి" అంది. అది మొదటిసారి.

అప్పుడే నా ఫోన్ మోగింది. బాబాయ్ గది కింది వాటాలో ఉండే ఆవిడ. "తలుపు బార్లా తీసి ఉందేమిటా అని పైకెక్కాను బాబూ. మీ బాబాయ్ కుర్చీలోనే..." అని ఆగిపోయింది. "డాక్టరుని తీసుకొచ్చాం. నిన్ననే పోయి ఉంటాడంటున్నారు. తొందరగా రండి."

 అక్క నా మొహం చూసింది, ఫోన్ చూసింది. ఏం అర్థమయిందో, ఎంత అర్థమయిందో, రెండోసారి పిలవడానికి తెరిచిన నోరు అలాగే మూసేసింది. బాబాయ్ కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే ఓపిగ్గా, అక్క వైపే చూస్తూ రెండో పిలుపు కోసం ఎదురు చూస్తున్నాడు. పిలిస్తే లేస్తాడు. లేస్తే గేటు దాటి వెళ్ళిపోతాడు.

అక్క పిలవలేదు. హాల్లో వెలుతురు తగ్గుతూ వచ్చింది. ఎప్పుడు కనపడకుండా పోయాడో ఇద్దరం చెప్పలేం.

మేడ మీద గదిలోంచి ఆయన్ని తీసుకెళ్ళి చేయవలసినవన్నీ చేశాం. కుర్చీలు ఆసుపత్రికి తిరిగి వెళ్ళాయి, జనం హాయిగా కూర్చుంటున్నారు. పాలిష్ గదిలో వాళ్ళు వంతులు వేసుకుని, కొత్త కుర్చీల్లో కూర్చుని, ఒకరినొకరు భోజనానికి పిలుచుకుంటున్నారు. వ్యాపారం మళ్ళీ పుంజుకుంది, అందుకే వేదికలూ చప్పట్లూ. పెద్దావిడకి మాత్రం కొత్త కుర్చీ చేసిచ్చాం. ఆ ఒక్క కుర్చీ హాల్లోనే ఉండిపోయింది. దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళు "కొంచెం" అని తప్పుకుని వెళ్ళేవారు. ఊడ్చే ఆవిడ దాని ముందర కాళ్ళ పట్టున చీపురు ఆపి, చుట్టూ తిప్పి ఊడ్చేది. చెక్క వెచ్చగానే ఉండేది. రోజూ మధ్యాహ్నం అక్క వచ్చి దాని ఎదుట నిలబడి, నోరు తెరిచి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది.

"పిలిచెయ్ అక్కా" అని ఎన్నిసార్లు అన్నానో.

"ఇక్కడుంటే మన మధ్యే ఉంటాడు కదరా" అనేది.

పోయిన వారం సభ చివర ఒకమ్మాయి లేచి, "మీరింకా నేర్చుకోవలసింది ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగింది. అక్క పక్కనున్న కుర్చీ వైపు చూసింది. "ఒకరిని లేపాలి" అంది ఆఖరికి. జోకనుకుని హాలంతా నవ్వింది. బాబాయ్‌ని చూసి వీడ్కోలు రోజు మేం నవ్విన నవ్వూ అలాంటిదే.

కారులో ఫ్యాక్టరీకి తిరిగొస్తుంటే ఉన్నట్టుండి, "ఆయనకి ఆకలేస్తుందంటావా?" అంది.

అప్పటిదాకా దాచుకున్న కోపమంతా పైకి తన్నుకొచ్చింది. "ఒకసారి పిలిచి వదిలేస్తే ఎవరికైనా వేస్తుంది. నువ్వు ఆయన్ని ఉంచుకున్నది ఆయన కోసం కాదు, నీ కోసం. మొదట పనికిరాడని పంపించావు, ఇప్పుడు కావాలని కూర్చోబెట్టావు. రెండుసార్లూ ఆయన్ని అడగలేదు" అన్నాను. అక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మేం ఫ్యాక్టరీ చేరేసరికి హాల్లో అందరూ భోజనాలకి వెళ్ళారు. అక్క ఆ కుర్చీ ఎదుట నిలబడింది. ఈసారి వెనక్కి తిరగలేదు.

"బాబాయ్" అంది. "లే. భోజనానికి."

కుర్చీ కిర్రుమంది. ఒకసారి. కాసేపటికి ఇంకోసారి. నేను గేటు దగ్గర పక్కకి తప్పుకున్నాను. చల్లటి నేల మీద ఉత్తకాళ్ళతో నడిచిన చప్పుడు నా పక్కనుంచి వెళ్ళింది, తొందరేమీ లేకుండా. పనివాళ్ళు తింటున్న వైపు ఒక క్షణం ఆగింది కూడా. తరవాత ఇంకేమీ వినపడలేదు.

అక్క చెక్క మీద చెయ్యి పెట్టి చూసింది. మొహం చేతుల్లో దాచుకుని బిగ్గరగా ఏడ్చింది. తరవాత, ఇన్ని నెలల తరవాత, మెల్లగా ఆ కుర్చీలో కూర్చుంది.

"నన్ను పిలువురా" అంది.

"అక్కా, లే. భోజనానికి" అన్నాను.

అక్క కదల్లేదు. కళ్ళు కూడా తిప్పలేదు. మొదటి పిలుపుకి కదలకూడదని నాకు తెలుసు, బాబాయ్‌తో ఎన్ని వేలసార్లు చూడలేదు. అయినా ఆ కాస్త సేపట్లో నా ఒళ్ళు చల్లబడిపోయింది.

"అక్కా!" అని అరిచాను. "లే అక్కా, భోజనానికి!"

"వస్తున్నా, వస్తున్నా" అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.